గురువారం మ్యాట్నీ

అశోక్ నగర్‌లో రేణుక ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలే అందరూ. పరీక్ష పిల్లలకైతే గుండె దడ రేణుకకు. ఎవరైనా అన్నం ముందు దిగాలుగా కూర్చుంటే చాలు, ఆమెకూ ముద్ద దిగేది కాదు. పిల్ల ఫోన్ ఎత్తకపోతే తల్లిదండ్రులు రేణుకకే చేసేవారు. ఆమె భర్త రాజేశం ఆర్టీసీ డ్రైవర్. "నీ చెవి ఫోన్‌కే పుట్టింది" అని నవ్వేవాడు.

ఒకనాడు పొద్దున నారాయణగూడలో కూరగాయలు కొంటుండగా రేణుకకు ఛాతీ బిగుసుకుపోయింది. కొత్తిమీర అమ్మే మనిషి పక్కనే రేణుక కూలబడి రాజేశానికి ఫోన్ చేసింది. అతను ఆటోలో వచ్చి దవాఖానాకు తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ చేశాక గుండెకేం ఢోకా లేదని డాక్టరమ్మ చెప్పింది.

"రోజులో ఎవరి గురించీ ఆలోచించకుండా ఎప్పుడు ఉంటారు?" అని అడిగింది.

"నిద్రల గూడ ఉండ మేడం."

"అందుకే మీ ఒంటికి ఎప్పుడూ ఏదో ముంచుకొస్తున్నట్టే ఉంది. వారంలో ఒక పూటైనా దాన్ని ఊరికే ఉండనివ్వండి. మళ్లీ ఇలా అయితే మాత్రం ఆలస్యం చేయకుండా రండి."

ఊరికే ఉండటం రేణుకకు చేతకాలేదు. డాబా మీద కూర్చుంటే నీళ్ల ట్యాంకు కారడం కనబడింది. గదిలో పడుకుంటే ఎవరో ఒకరు తలుపు తట్టారు.

"సినిమాకు పో" అన్నాడు రాజేశం.

"ఒక్కదాన్నా?"

"ఒక్కదానివే. నేనొస్తే మళ్ల హాస్టల్ ముచ్చట్లే పెడతవు."

గురువారం మధ్యాహ్నం, హాస్టల్ పిల్లల్లో పెద్దదైన జ్యోత్స్న చేతిలో ఫోన్ పెట్టి, రేణుక క్రాస్‌రోడ్స్‌లోని సినిమా హాలుకు నడిచింది. సీట్లో కూర్చున్నాక కూడా గ్యాస్ ఆపానా లేదా అని మనసు పీకుతూనే ఉంది. హాలు చల్లగా ఉంది. లైట్లు ఆరిపోయాయి. హీరో వచ్చేలోపే నిద్రపోయింది.

"అక్కా, ఆట అయిపోయింది" అని ఊడ్చే ఆమె లేపితే ఉలిక్కిపడింది. పరుగులాంటి నడకతో హాస్టల్‌కొచ్చి చూస్తే పిల్లలు చాయ్ పెట్టుకుని తాగుతున్నారు. చక్కెర ఎక్కువైంది, అంతే. ఎవరి నాన్నో ఫోన్ చేస్తే జ్యోత్స్నే మాట్లాడిందట.

"సినిమా ఎట్లుందక్క?"

"నిద్ర మంచిగ పట్టింది" అంది రేణుక. పిల్లలు విరగబడి నవ్వారు.

ఆ తర్వాత గురువారాలన్నీ మ్యాట్నీకే. కొన్ని చూసింది, కొన్నింటిలో నిద్రపోయింది.

ఈ మధ్య పరీక్ష మరోసారి వాయిదా పడింది. జ్యోత్స్న మంచం దిగలేదు. మునుపైతే రేణుక ధైర్యం చెబుతూ తానూ ఏడ్చేది. ఈసారి ఆ పిల్లను లేపి, జడ వేసి, సినిమాకు వెంట తీసుకెళ్లింది. హాస్య సన్నివేశంలో జ్యోత్స్న పకపకా నవ్వింది. ఆ రోజు రేణుకకు నిద్ర రాలేదు, రావాలనీ అనుకోలేదు.

చిక్కడపల్లిలో మిర్చి బజ్జీలు తింటూ జ్యోత్స్న మెల్లగా చెప్పింది. "పరీక్షంటే గాదక్క, నాయన రోజు ఫోన్ జేసి ఏమైంది ఏమైంది అంటే భయమైతది."

"ఆదివారం ఒక్కనాడే జెయ్యమని నేను జెప్త. వింటడు, గాయన మంచోడే."

ఆ తండ్రి విన్నాడు. వారమంతా కూడబెట్టుకున్న కబుర్లు ఆదివారం చెబుతున్నాడట, ఎక్కువగా బర్రె గురించే. జ్యోత్స్న మళ్లీ చదువుతోంది.

రేణుకకు ఇప్పటికీ ఎప్పుడైనా ఛాతీ బిగుస్తుంది. మెట్ల మీద కూర్చుంటుంది. నెమ్మదిగా ఊపిరి వదులుతుంది. ఎవరైనా పిలిస్తే, "జర ఆగుండ్రి, వస్త" అంటుంది. వాళ్లు ఆగుతారు.