మామ తీర్పు చెప్పని రమ్ము

మా మామ పోయాడని కబురు అందేసరికి నేను కుప్పం బస్టాండులో నిలబడి ఉన్నాను. మదనపల్లె ఆస్పత్రిలో ఉన్న ఆయన్ను చూడటానికే బయలుదేరాను. "ఇంగ ఈడికి రావద్దు బావా, నేరుగా పుంగనూరు ఇంటికే రా" అని బావమరిది ఫోన్లో ఏడ్చాడు. ఆ క్షణంలో నా మనసులో మెదిలింది ఒక రమ్ము సీసా. అది ఎలా ఉందో ఆయన నాకింకా చెప్పలేదు.

నా భార్య తండ్రి ఆయన. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉండేది. పెళ్లయిన కొత్తలో నేను కుప్పంలో కాపురం పెడితే, తను నడిపే బస్సు టాపు మీద మంచం, బియ్యం మూట వేసుకొచ్చి దించిపోయాడు. డ్యూటీ ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. రిటైరయ్యాక మాత్రం ఆదివారం సాయంత్రం రమ్ము. అత్తగారింటికి వెళ్లే అల్లుళ్లు మిఠాయి తీసుకెళతారు, నేను సీసా తీసుకెళ్లేవాణ్ణి. ఆయన దానికి పరీక్ష పెట్టేవాడు, పనిలో పనిగా నాకూ పెట్టేవాడు.

ముందు మూతెడు రమ్ము అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్ది వాసన చూసేవాడు. తర్వాత నీళ్లు కలపకుండా ఒక గుక్క. ఆ తర్వాత నీళ్లతో. నంజుకోవడానికి ఉడకబెట్టిన వేరుచెనిక్కాయలు తప్ప ఇంకేమీ ఒప్పుకోడు, కారం తగిలితే నాలుక అబద్ధం చెబుతుందట. ఇంతా చేసి అప్పటికప్పుడు ఒక్క మాట అనడు. ఖాళీ గ్లాసు మీద సాసరు మూసి కిటికీలో పెట్టేవాడు. పొద్దున లేచి ముందు ఆ గ్లాసు వాసన చూసి, అప్పుడు చెప్పేవాడు తీర్పు.

"సాయంత్రం సెప్పేది మత్తప్పా, పొద్దున సెప్పేది రమ్ము" అనేవాడు.

నేను తెచ్చిన ఒకదాన్ని బెల్లం పాకం అన్నాడు. ఇంకొకదాన్ని దగ్గు మందన్నాడు. నేను గొప్పగా మోసుకెళ్లిన మరో సీసాకైతే "అట్టపెట్టె బాగుండాది, పారెయ్యొద్దండి" అన్నాడు. పైకి నవ్వేసేవాణ్ణి గానీ లోపల గుచ్చుకునేది. ఒక్కసారైనా ఆ నోటితో "బాగుండాదప్పా" అనిపించుకోవాలని పంతం పట్టాను.

మొన్న వేసవిలో స్నేహితుడొకడు గోవా వెళుతుంటే ఖరీదైన రమ్ము తెప్పించాను. కొయ్య పీపాల్లో ఏళ్ల తరబడి మాగబెట్టింది, మూతకు బదులు బెండు బిరడా. గ్లాసులో పోస్తే ముదురు తేనె రంగు. నా నాలుకకైతే ఎండుద్రాక్ష, మాడిన చక్కెర, చివర్లో కాస్త కొయ్య తగిలాయి. గొంతులో మంట లేదు. ఇదీ బాగాలేదంటాడా చూద్దామని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. "అట్ల సూడొద్దప్పా, తాగనీ" అని విసుక్కుని, కాసేపటికి గ్లాసు కిటికీలో పెట్టాడు. ఇంతలో కుప్పంలో గాలివానకు స్తంభాలు పడిపోయాయని ఆఫీసు నుంచి ఫోను. నాది కరెంటు డిపార్టుమెంటు. ఆయన లేవకముందే మొదటి బస్సెక్కాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా అడిగాను. "సెప్తా ఉండప్పా, ఇంగా సూస్తాండాను" అనేవాడు. ఒక్క పొద్దుతో తేల్చేసే మనిషి వారాల తరబడి ఏం చూస్తున్నాడో అర్థం కాలేదు. స్తంభమెక్కినా అదే ఆలోచన. ఇంట్లో చెబితే నా భార్య తల కొట్టుకుంది.

కర్మాంతరం రోజు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో పెడతాం. తాగే అలవాటుంటే అదీ పెడతాం. మామ బీరువాలోంచి నేనిచ్చిన గోవా సీసా తీశాను. అడుగున కొంచెమే మిగిలింది. నచ్చకపోతే ఇంత తాగుతాడా?

ఫొటో ముందు పెట్టబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అది వద్దప్పా. మీ మామకు అది నచ్చలేదు."

"నచ్చకుంటే ఇంత యెందుకు తాగినాడత్తా?"

"నీ కోసరమే. ఆ పొద్దు గ్లాసు వాసన సూసి మొగం మాడ్సుకున్నాడు. 'అల్లుడి మొగం సూసినావా మే, సెనిక్కాయలు గూడా తినకుండా నన్నే సూస్తా కూసున్నాడు, ఈసారి బాగలేదని యెట్ల సెప్పేది' అన్నాడు. అప్పుట్నించి మూతెడు మూతెడు పోసుకోని, దీంట్లో ఏదో ఒగ మంచి ఉంటాది, కనుక్కోని సెప్తా అంటా ఉండె. యాడ దొరికింది! అబద్ధం సెప్పే మనిషా మీ మామ?"

ఆమె ఆయన ఎప్పుడూ తాగే మామూలు రమ్మే గ్లాసులో పోసి ఫొటో ముందు పెట్టింది. నేను పెరట్లోకి వెళ్లి గట్టిగా ఏడ్చాను.

మిగిలిన సీసా అత్త నాకే ఇచ్చేసింది. సాయంత్రం కుప్పం బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పలమనేరు దాటాక రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా అడుగునున్న ఆ కాస్త రమ్ము ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పోతూ ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. అయినా అది కుదురుగా నిలవలేదు.