డోర్‌మ్యాట్ అయిన జెర్సీ

కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం బేస్‌మెంట్ అద్దెకున్న ఇంటి ఓనరుగారి పగ ముందు పాము పగ పసిపిల్లల అలక. అమెరికాలో తాను చదివిన కాలేజీ ఫుట్‌బాల్ టీమే ఆయన ఇలవేల్పు. అక్కడి ఫుట్‌బాల్‌లో కాలికన్నా చేతికే పనెక్కువ. ఆ టీమ్‌లో బంతి విసిరే కుర్రాడు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని శత్రువుల కాలేజీలో చేరాడు. అంతే, వాడి పేరున్న జెర్సీ గుమ్మంలో డోర్‌మ్యాట్ అయింది. పార్సిల్ తెచ్చినవాడికైనా, వ్రతానికొచ్చిన పురోహితుడికైనా ఆయన స్వాగతం ఒకటే: "బాగా తుడుచుకుని రండి!"

శనివారం వస్తే ఫోన్లో ఆ కుర్రాడు ఓడిపోతాడని పందెం కాసేవారు. ఆ దుర్మార్గుడేమో గెలుస్తూనే ఉండేవాడు.

"ఏవండీ, వాడు గెలిచినప్పుడల్లా మన క్రెడిట్ కార్డు ఓడిపోతోంది. ఇక వదిలెయ్యండి," అనేవారు ఆంటీ.

"వాడు టీవీలో ఏడవాలి. అప్పటిదాకా వదిలేది లేదు!"

మరుసటి ఏడు ఆ కుర్రాడు మళ్ళీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని పాత కాలేజీకే తిరిగొచ్చాడు. నేను మైసూర్‌పాక్ పట్టుకుని పైకి పరిగెత్తాను.

"అంకుల్, మనవాడు వచ్చేశాడు! ఇక పందెం మనవాళ్ళ మీదేగా?"

"ఎవడోయ్ మనవాడు? వాణ్ణి చేర్చుకున్నాక అది నా కాలేజీ ఎలా అవుతుంది? ట్రాన్స్‌ఫర్ వాడొక్కడికేనా? నేనూ మారిపోయా. ఈ శనివారం ఆ కాలేజీయే ఓడుతుందని కాశా. బాగా తుడుచుకుని రా!"

కిందికి చూశాను. ఆయన చదువుకునే రోజుల్లో కొని, పట్టుచీరకన్నా భద్రంగా దాచుకున్న కాలేజీ స్వెట్‌షర్ట్ గుమ్మంలో పరిచి ఉంది.

అప్పుడే చెత్తబుట్ట లోపలికి తేవడానికి ఆయన బయటికి కదిలారు. హనుమంతుడు సముద్రం దాటినట్టు, అంచుకైనా కాలు తగలకుండా, ఆ స్వెట్‌షర్ట్‌ని ఒక్క అంగలో దాటారు.