విప్పని డబ్బా, విడవని సుద్దముక్క

మొన్న మిర్యాలగూడలో మందుల షాపువాడు ఒకాయనకు చూపిద్దామని బలం పొడి డబ్బా మూత తీశాడు. ఆ నారింజ వాసనకు మార్తమ్మ మేడం గుర్తొచ్చారు. కోదాడలో నేను కొత్తగా సైన్సు మాస్టరుగా చేరిన బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. లెక్కల పాఠం మాత్రం ఎవరికీ వదలకుండా తానే చెప్పేవారు.

ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, హైదరాబాదులో కీమో మొదలైంది. జుట్టు రాలిపోతే లెక్కచేయలేదు. కానీ వేళ్లు తిమ్మిరెక్కి బోర్డు దగ్గర సుద్దముక్క జారిపడ్డ రోజున ఆమె మొహం నేను చూడలేకపోయాను. సెలవు పెట్టమన్నాం. "సెలవు పెడితే తిమ్మిరి పోతదా? పోయేది పాఠమే" అన్నారు.

మా వైపు జబ్బుమనిషిని చూడటానికి ఎవరూ ఉత్త చేతులతో పోరు. ఆమె ఇంట్లో బలం డబ్బాలు బారులు తీరాయి. అందరికన్నా ఘనంగా ఉండాలని నేను సూర్యాపేట నుంచి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పొడి తెచ్చాను. షాపువాడు నమూనా డబ్బా తెరిచి, అదే నారింజ వాసన చూపించి, తిమ్మిరి తగ్గుతుందని చెప్పాడు. పిల్లలకు మాంసకృత్తుల పాఠం చెప్పేవాణ్ణి కదా, దాని మీద ఉపన్యాసం కూడా దంచాను.

మేడం అంతా విని, "మంచిదే సారూ. ఇది నాకెక్కిస్తున్న మందుతోని దోస్తీ చేస్తదా, కొట్లాడ్తదా?" అన్నారు.

డబ్బాలో పొడికన్నా నా జవాబే పొడిపొడిగా వచ్చింది. "తిండిలో ఉండేదే కదా మేడం."

"తిండిల ఉప్పు గూడ ఉంటది. డబ్బాడు మింగుతమా?"

పక్కనున్న ఆమె చెల్లెలు, "తాగక్కా, డాక్టరుకు చెప్తమా ఏంది? చెప్తే కోపం జేస్తడు" అంది.

"చెయ్యనీ. ఒళ్లు నాది" అని మేడం డబ్బాలన్నీ సంచిలో వేయించారు. సంచి మోసే భాగ్యం ఉపన్యాసకుడికే దక్కింది.

హైదరాబాదులో డాక్టరు సంచి చూసి, "దుకాణం పెట్టారా అమ్మా? బయట చాలామంది ఉన్నారు" అన్నాడు. మేడం కుర్చీలోంచి లేవలేదు. "ఉండనీయండి. ఇది తాగాల్నా వద్దా, ఎందుకో చెప్తే లేస్త."

ఆయన నా డబ్బా తిప్పి చూశాడు. తిమ్మిరికి పనిచేస్తుందని కొందరంటారనీ, గట్టి రుజువు లేదనీ చెప్పాడు. క్యాన్సర్ కణాలు కూడా దాన్ని వాడుకోగలవు కాబట్టి, మందుకు అడ్డొస్తుందో లేదో తనకూ ఖాయంగా తెలియదనీ, కీమో అయ్యేదాకా వద్దనీ అన్నాడు. తిమ్మిరి ఇంత ఉంటే ముందే ఎందుకు చెప్పలేదని అడిగి, మందు మోతాదు తగ్గించాడు.

బస్సులో మేడం, "తెల్వదని ఒప్పుకున్నడు సూడు, ఇగ ఆయన మీద నమ్మకం కుదిరింది" అన్నారు.

తిమ్మిరి వెంటనే పోలేదు. సుద్దముక్కకు గుడ్డ చుట్టి, సైకిల్ హ్యాండిల్ రబ్బరులో దూర్చి, పిడికిట పట్టుకుని రాశారు. పిల్లలు నవ్వారు. "నవ్వుండ్రి. నవ్వుకుంటనే లెక్క చెయ్యుండ్రి." కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టి ఆమె పోయారు. కానీ ఆ ఏడాది పరీక్షలదాకా బోర్డు మీద అక్షరాలు వంకర పోయాయే తప్ప లెక్క తప్పలేదు.

షాపులో ఆ మనిషి విప్పని కొత్త డబ్బా కొన్నాడు. ఎవరికని అడిగాను. "మా ఇంటామెకు సార్. కీమో నడుస్తుంది."

"మూత తియ్యకుండ డాక్టరుకు చూపియ్యి" అన్నాను. "కోపం చేస్తే చెయ్యనీ. జవాబు చెప్పేదాక ఆమెను కుర్చీల నుంచి లేవొద్దను."