నా పాత కోడ్‌కు ఒక్క సాక్షి

మాది అమలాపురం. భూములు పోయినా, మమ్మల్ని చూస్తే లేచి నిలబడేవారు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

పాత తెలుగు ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మేం కొందరం కలిసి కోడ్ రాస్తుంటాం. పోయిన వేసవిలో, అందులో ఒక పాత ఫాంటు కోసం నేను రాసిన భాగం తీసేద్దామన్నారు మిత్రులు. ఆ ఫాంటు ఇప్పుడెవరూ వాడటం లేదట. ఏ మార్పు చేయబోయినా ఆ కోడే అడ్డొస్తోందట.

"ఒక్కరు వాడుతున్నట్టు చూపించండి, ఉంచేద్దాం" అన్నారు.

నాకు కాలు నిలవలేదు. మర్నాడే బండి మీద రాజోలులో తెలిసిన ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్ళాను. యజమాని సత్తిబాబు కుర్చీ తుడిచి వేశాడు.

"ఆ ఫాంటు మార్చడానికి మా సాఫ్ట్‌వేర్ ఇంకా వాడుతున్నావా?"

"ఆయ్! అది లేకపోతే మాకు పూట గడవదండీ."

వెంటనే మిత్రులందరికీ వీడియో కాల్ చేసి, ఫోన్ అతని కంప్యూటర్ వైపు తిప్పాను.

"ఏదీ, ఒక శుభలేఖ మార్చి చూపించు."

సత్తిబాబు మౌస్ అటూ ఇటూ తిప్పాడు. మెడ మీద చెమట కారింది. వెనక నుంచి అతని భార్య ఉండబట్టలేక అంది:

"అది తీసేసి చానాళ్ళైందండీ బాబుగారూ. మీరింత ఎండలో వచ్చేరు, లేదని ఎలా చెబుతారండీ ఆయన?"

ఫోన్లో ఎవరో ఫక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

ఇంటికొచ్చి, కూర్చోకుండానే ఆ కోడ్ నా చేత్తో తీసేశాను. వేరేవాళ్ళు తీస్తే ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

ఇప్పుడు ఏ కోడ్ ఉంచాలో తేల్చాలన్నా, మమ్మల్ని ఎరగనివాళ్ళనే అడుగుతున్నాను. వాళ్ళకు మొహమాటం ఉండదు.