డిస్కు చస్తుంటే కేబుల్ మార్చాను

2023 నవంబరు. నంద్యాల బస్టాండు వెనక నేను దుకాణం పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇళ్లకు, స్కూళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్కు వేయడం, అది మొరాయిస్తే వెళ్లి దారికి తేవడం నా పని. సగం సార్లు ఊడిపోయిన ప్లగ్గును మళ్లీ గుచ్చి వచ్చేస్తుంటాను. ఇంటివాళ్లు సిగ్గుపడతారు, నేను టీ తాగుతాను, అంతటితో సరి. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు, మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏదని అడుగుతుంటారు. బాగుచేసినవి ఒక్కటీ సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది ఆళ్లగడ్డది. దాన్ని నేను బాగుచేయలేదు.

ఫోన్ చేసింది భారతి. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పి మద్దిలేటి ఆచారి కూతురు. ముప్పై ఏళ్లుంటాయి. తనూ ఉలి పట్టిన మనిషే.

"దేవదానమన్నా, మా ఇంట్లో నాస్ డబ్బా ఒకటుంది. దాంట్లో వీడియో పెడితే ఆడతా ఆడతా నిలబడిపోతాంది. కనెక్షన్ తెగిపోయిందంటాది. రెండు నిముషాలకు మళ్లీ తగులుకుంటాది. నువ్వొచ్చి ఒకసారి సూడు," అంది.

నాస్ అంటే ఫైళ్లు దాచుకోవడానికి ఇంట్లో పెట్టుకునే చిన్న డబ్బా. లోపల హార్డ్ డిస్కులుంటాయి. దాన్ని రౌటర్‌కు కలిపితే ఇంట్లోని ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ వైఫై మీదుగా అందులో ఉన్నవి తెరుచుకుంటాయి. వీళ్ల డబ్బాలో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని అమ్మినవాడు చెప్పాడట. అది నిజమే. ఒకటి పోయిందన్న సంగతి మనకు తెలిస్తేనే.

మర్నాడే వెళ్లాను. ముందు రేకుల షెడ్డు, రాళ్లు, రాతిపొడి. వెనక రెండు గదుల ఇల్లు. ముందుగదిలో మంచం మీద మద్దిలేటి ఆచారి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో. నలభై ఏళ్లు మింగిన రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందదు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

ఆ డబ్బాలో ఏముందో భారతి చెప్పింది. అమ్మవారి ఒళ్లు, చేతులు, నగలు ఆమెకు వచ్చు. ముఖం మాత్రం ఎప్పుడూ తండ్రే చెక్కేవాడు. కనుబొమ్మ ఎక్కడ మొదలుపెట్టాలి, పెదవి మీద ఎంత రాయి వదిలితే అమ్మవారు నవ్వినట్లుంటుంది, ఎంత తీస్తే కోపగించినట్లవుతుంది, ఇదంతా ఆయన దారం పట్టుకుని కొలిచేవాడు. కాగితం మీద ఒక్క గీత లేదు. రెండేళ్ల కిందట, ఇంకా మాట్లాడగలుగుతున్నప్పుడు, మధ్యాహ్నం మిషన్లు ఆపే వేళ రాయి ముందు కూర్చుని అంతా చెప్పాడు. ఆమె ఫోన్లో తీసింది. ఎనభైకి పైగా వీడియోలు.

"యూట్యూబులో దాచుకోవచ్చు కదమ్మా, ఎవరికీ కనబడకుండా," అన్నాను.

"నాయన ఒప్పుకోల్యా. ఇంటి కొలతలు ఇల్లు దాటగూడదంటాడు. అందుకే ఈ డబ్బా కొన్న్యాం. ఫోన్ నిండిపోతాంటే దీంట్లోకి ఎక్కించి, ఫోన్లో తీసేస్తా వచ్చినా."

దొర్నిపాడు పక్కన ఒక ఊరి గుడికి అమ్మవారి విగ్రహం ఒప్పుకుని ఉన్నారు. ఒళ్లు పూర్తయి షెడ్డులో నిలబడి ఉంది. ముఖం దగ్గర నునుపు చేసిన రాయి మాత్రమే ఉంది. తండ్రి చెయ్యి తగలకుండా భారతి చెక్కబోయే మొదటి ముఖం అది. వీడియో ఒక ముక్క చూడటం, ఆపి రాయి మీద గీసుకోవడం, మళ్లీ చూడటం ఆమె పద్ధతి. మధ్యలో కనెక్షన్ తెగిపోతుంటే ఎట్లా సాగుతుంది?

డబ్బా తండ్రి మంచం పక్క గూట్లో ఉంది. దసరాకు ఆయుధపూజలో ఉలులు, సుత్తులు, కోత మిషను, స్కూటరు కడిగి బొట్లు పెట్టినట్లే దానికీ పెట్టారు. ముందువైపంతా దట్టంగా పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు, ఎండి పెచ్చులా గట్టిపడి ఉన్నాయి. పైన కరెంటు లైటు ఒకటి నీలంగా కనబడుతోంది. దాని కింద రెండు డిస్కులకు రెండు లైట్లుంటాయని నాకు తెలుసు. అవి బొట్ల కింద ఉన్నాయి.

నేను క్రైస్తవుణ్ణి. కొన్నేళ్ల కిందట నంద్యాలలో ఒకరింట్లో మానిటర్ మీది బొట్టును గుడ్డతో తుడిచేశాను. ఆ ఇంటి పెద్దావిడ లోపలికెళ్లి పసుపు తెచ్చి మళ్లీ రాసింది. నాకు తల కొట్టేసినట్లయింది. అప్పటినుంచి ఎవరింట్లోనూ బొట్టు జోలికి పోను. ఇక్కడా పోలేదు. పెద్ద మర్యాదస్తుణ్ణి కదా.

డిస్కుల ఆరోగ్యం చూడటానికి ఇంకో దారి ఉంది. డబ్బాకు ఒక అడ్మిన్ పేజీ ఉంటుంది, పాస్‌వర్డు కొట్టి అందులోకి పోతే అన్నీ కనబడతాయి. పాస్‌వర్డు అడిగితే భారతి తల గోక్కుంది.

"చీటీలో రాసిచ్చినాడన్నా. ఆ చీటీ యాడ పెట్టినామో."

సరే, దాని సంగతి తర్వాత చూద్దాం, ముందు నెట్‌వర్కు చూద్దామనుకున్నాను. కనెక్షన్ తెగుతోందన్నారు కాబట్టి తెగేది తీగే అయ్యుంటుందని నా బుర్ర మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పేసింది. వెతికితే ఒక తప్పు దొరికింది కూడా. నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది, ఇంటి నంబరులాగ. వీళ్ల సీసీ కెమెరా డబ్బాకు, నాస్‌కు ఒకే నంబరు పడింది. కెమెరా డబ్బా నంబరు మార్చాను, రాతిపొడి చేరిన కేబుల్ తీసి కొత్తది వేశాను. వీడియో గంటసేపు ఆగకుండా ఆడింది. తిరుగు బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో రోజు మళ్లీ ఫోన్. మళ్లీ వెళ్లి ఈసారి తప్పు రౌటర్ మీదికి నెట్టి, దాన్నీ మార్చాను. వచ్చేముందు భారతికి ఒక పని అప్పజెప్పాను. ఇప్పటికీ నన్ను వదలనిది ఆ పనే.

"మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీడియోలు ఒకదాని వెంట ఒకటి ఆడిస్తూనే ఉండమ్మా. ఎప్పుడు తెగిందో, ఎంతసేపటికి తగులుకుందో టైముతో సహా రాసిపెట్టు. లెక్క దొరికితే రోగం దొరుకుతుంది."

మంచం మీదినుంచి పెద్దాయన, "పని... నిలబడతాది," అన్నాడు.

"మూడు రోజులే పెద్దాయనా," అన్నాను.

నేను వేరే పనుల్లో పడి, మళ్లీ వెళ్లేటప్పటికి మొదటి ఫోన్ వచ్చి పదిహేను రోజులైంది. భారతి నోటుపుస్తకం చేతికిచ్చింది. మూడు రోజుల టైములూ ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేకుండా. మొదటిరోజు గంటకోసారి తెగింది. మూడోరోజు పది నిమిషాలకోసారి. దాన్ని చూశాక గానీ నేను మొదటిరోజే చేయాల్సిన పని చేయలేదు. ల్యాప్‌టాప్‌లో పింగ్ పెట్టి వదిలేశాను. పింగ్ అంటే క్షణానికోసారి ఆ డబ్బాను "ఉన్నావా?" అని పిలవడం. అది "ఉన్నాను" అని పలుకుతుంటుంది. మొదటిరోజు రెండు నిమిషాలు చూసి ఆపేశాను. ఇప్పుడు వీడియో తెగేదాకా కూర్చున్నాను. వీడియో ఆగిపోయింది. పింగ్ మాత్రం ఒక్కటీ తప్పకుండా పలుకుతూనే ఉంది. అంటే దారి బాగానే ఉంది. లోపలి మనిషికే బాగాలేదు.

"భారతమ్మా, ఆ బొట్లు కొంచెం తుడవచ్చా?" అన్నాను.

"దానికి అడిగేదేందన్నా? ఏడాదికొకసారి పెడతాం, ఆనాటితో సరి," అంటూ తనే తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

ఒక లైటు ఎర్రగా ఉంది. రెండోది నారింజ రంగులో మిణుకుమంటోంది. ఒక డిస్కు చచ్చిపోయింది, రెండోది చావబోతోంది. బొట్లు తుడవచ్చా అని ఒక్క మాట అడగొచ్చన్న సంగతి ఆ పదిహేను రోజులూ నాకు తట్టలేదు.

"ఇది ఎప్పుడన్నా కూసిందా?" అని అడిగాను.

"దసరా ముందర ఒకదినం కీ కీమనింది. కరెంటు పోయి ఇన్వర్టర్ కూస్తాందనుకున్నా. డబ్బా ఎనక మీట నొక్కితే ఊరకైంది."

డిస్కు మీద చదవలేని చోటు వస్తే అది అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ డబ్బా ఉలకదు పలకదు. ల్యాప్‌టాప్ చూసి చూసి కనెక్షన్ తెగిందనుకుంటుంది. మిగిలిన ఆ ఒక్క రోగిష్టి డిస్కును నేను మూడు రోజులు పొద్దస్తమానం పరిగెత్తించాను.

వెంటనే నా డిస్కు పెట్టి కాపీ మొదలుపెట్టాను. పదకొండు వీడియోలు వచ్చాయి. పన్నెండోదాని దగ్గర డబ్బాలోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. శిల్పులు కొత్త రాయి కొనేటప్పుడు సుత్తితో తట్టి, చప్పుడును బట్టి లోపల బీట ఉందో లేదో కనిపెడతారు. మద్దిలేటి ఆచారి కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

"పగిలింది... లోపల," అన్నాడు.

డిస్కులు రెండూ హైదరాబాదులో డేటా తీసేవాళ్లకు పంపాను. నెల తర్వాత తిరిగొచ్చాయి. లోపల డేటా ఉండే పలకల మీద గీతలు పడ్డాయి, ఏమీ రాదన్నారు. దక్కిన పదకొండింట్లో రాయి ఎంచుకోవడం, ఉలికి పదును పెట్టడం, పీఠం కొలతలు ఉన్నాయి. అవన్నీ భారతికి చిన్నప్పటినుంచీ వచ్చు. ముఖం గురించి ఒక్కటీ లేదు.

"తప్పు నాదమ్మా. మొదటిరోజే లైట్లు చూసి కాపీ తీసుంటే అన్నీ ఉండేవి," అన్నాను ఆ డిస్కులు చేతికిస్తూ. తిట్టి ఉంటే బాగుండేది.

"బొట్లు పెట్టింది నేనే గదన్నా," అంది.

పెద్దాయన మళ్లీ చెప్పడానికి చూశాడు. ఆక్సిజన్ మిషనుతో సహా షెడ్డులో కుర్చీ వేయించుకుని, కూతురి మణికట్టు పట్టుకుని దారం రాయి మీదికి నడిపించాడట. దారం నిలవలేదు, మాట రాలేదు. రెండు రోజులు అట్లా కూర్చుని, మూడోరోజు కుర్చీ తీసేయమని సైగ చేశాడట. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఆయన పోయిన వారం రోజులకు పలకరించడానికి వెళ్లాను. షెడ్డులో అమ్మవారు లేదు. ఊరివాళ్లు వచ్చి ముఖం కోసం వేరే శిల్పి దగ్గరికి తీసుకెళ్లారు. భారతి కూర్చుని ఎవరింటికో గడపరాయి చెక్కుతోంది.

"ముఖాల పని ఒప్పుకోవడంల్యా అన్నా. మెట్లు, గడపలు, పీఠాలు, అంతే," అంది.

ఊరుకోవాల్సింది. ఊరుకోలేక అడిగాను. "ఆ మూడు రోజుల్లో వీడియోలన్నీ నీ కళ్లముందు ఆడాయి కదమ్మా. కొంచెమన్నా గుర్తులేదా?"

ఉలి ఆపి నా వైపు చూసింది.

"గడియారం సూసినానన్నా. ఇప్పుడు తెగుతాదా, ఇప్పుడు తెగుతాదా అని సూసినా. నాయన ఏం జెప్తాండాడో ఇన్లేదు. నువ్వు టైము రాయమంటివి గదా."

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా సంచి దించగానే మొదట వాళ్ల డిస్కుల్లో ఉన్నది కాపీ తీస్తాను. ఆ తర్వాతే కేబుల్, రౌటర్. తెగిపోయేది ఎందుకు తెగుతోందో తెలుసుకోవడానికి రేపు కూడా వీలవుతుంది, ఉన్నదాన్ని కాపాడటానికి రేపు ఉండకపోవచ్చు. "వైఫై సూడమంటే ఇదేందప్పా గంటలు గంటలు," అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను, కాపీ పూర్తయ్యేదాకా కదలను. ఈ జాగ్రత్త నాకు నేర్పిన ఇంటికి మాత్రం అది పనికిరాలేదు.