వాలెంటీ గీయనన్న వేళ్లు

కార్లకి రేకులు నొక్కే మా ప్రెస్ షాపులో పది వేళ్లూ ఉన్నవాడు కనిపిస్తే, కొత్తగా చేరాడనుకునేవాళ్లం. నా కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ అక్కడే పోయాయి. డెట్రాయిట్‌లో అలాంటి చేతులు కోకొల్లలు. కంపెనీ ఫొటోల్లో మాత్రం ఒక్కటీ కనిపించేది కాదు. ఆ పుణ్యం వాలెంటీ గుర్బాది.

వాలెంటీ కంపెనీ ఫొటోగ్రాఫరు, మా పోలండు వాళ్ల పేటవాడే. అద్దం పలకల మీద ఫొటోలు తీసి, సన్నటి కుంచెతో వాటిలో నేల మీది నూనె మరకలు చెరిపేవాడు, పగిలిన కిటికీలు బాగుచేసేవాడు. మమ్మల్ని మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకోమనేవాడు. ఆ మాట నేల చూస్తూ చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది.

1916 వసంతంలో షాపు మొత్తానికీ ఫొటో అన్నారు. దానికి యంత్రాలు ఆపాలి. ఆపిన ప్రతి నిమిషానికీ ఫోర్‌మన్ హాస్కెల్ ప్రాణం గిలగిల్లాడేది. మమ్మల్ని వదిలేసి చేతిలోని జేబు గడియారాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నాలుగు లెక్కపెట్టేదాకా కదలకండి," అన్నాడు వాలెంటీ.

నేను చేతులు బయటికి తీసి గుండెల మీద పెట్టుకున్నాను. పక్కవాడూ తీశాడు. వరస వరసంతా తీసింది. వాలెంటీ చూశాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది, వెయ్యలేదు. కెమెరా మూత తీసి తాపీగా నాలుగూ లెక్కపెట్టాడు.

మర్నాడు ఫొటో చూసి, ముందు చేతులు తీసింది నేనని తెలిసి, హాస్కెల్ వాలెంటీనీ నన్నూ పిలిచాడు.

"మళ్లీ యంత్రాలు ఆపలేను. కుంచె తీసుకుని అందరికీ వేళ్లు గీసెయ్."

"గీయను."

"ఎనిమిదేళ్లు మరకలు తుడిచావు, ఇవాళ నీతులొచ్చాయా?"

"తుడిచాను, సిగ్గులేకుండా తుడిచాను. వీళ్ల వేళ్లు మరకలు కావు. కావాలంటే నువ్వే గీసుకో, నీకు పదీ ఉన్నాయిగా!"

"అయితే ఆ పలక పగలగొట్టి ఇంటికి పో. నువ్వు కూడా, లుడ్విక్."

"ఇంటికి పోతాం," అని వాలెంటీ పలకను కోటులో దోపుకున్నాడు. తలుపు నేనే తీసి పట్టుకున్నాను.

మా పేటలోనే వాలెంటీ ఫొటోల దుకాణం పెట్టాడు. ఆ పలకను వీధి కిటికీకి బిగించాడు. షిఫ్టు దిగిన జనం అక్కడ ఆగి ఎవరి చెయ్యి వాళ్లు వెతుక్కునేవారు.

మరుసటి ఏడు నా పెళ్లి ఫొటోకి వెళ్లాను. మాలో పెళ్లి ఉంగరం కుడిచేతి ఉంగరపు వేలికే పెట్టుకోవాలి. నాకా వేలే లేదు, అందుకే అలవాటుగా చెయ్యి జేబులో దూర్చాను.

"తియ్యరా లుడ్విక్!" వాలెంటీ కేక వేశాడు. "నా దుకాణంలో జేబులు లేవు!"

ఆ ఫొటోలో నా మూడు వేళ్ల చెయ్యి అందరికంటే ముందుంది. ఉంగరం మధ్యవేలికి ఉంది.