చుట్టింట్లో తలదాచుకున్న మధ్యాహ్నం

నేను పాఠాలు చెప్పే టెక్కలి కాలేజీకి అతిథిగా వచ్చిన ఫిన్లాండ్ ఆవిడ మా ఇంట్లోనే బస చేసింది. తన పల్లెలో పాత చెక్క ఇళ్లను ఊరంతా కలిసి కాపాడుకున్నారట. వాటిని చూడటానికి వచ్చే జనాన్ని తనే తిప్పుతుందట. “మీ వైపు అలాంటివి ఏమున్నాయి?” అని అడిగింది. నాకు గుళ్లు తప్ప ఏమీ తట్టలేదు. సముద్రం ఒడ్డున అక్కుపల్లి దగ్గరుండే మా అక్క భర్తకి ఫోన్ చేశాను.

“సుట్టిల్లు ఒకటున్నాది. తీసుకొచ్చీ,” అన్నాడు బావ.

గుండ్రటి మట్టిగోడ, నడుం దాకా దిగిన తాటాకు చూరు. నా చిన్నప్పుడు తీరం పొడవునా అవే ఇళ్లు. ఇప్పుడు మిగిలిన ఆ ఒక్క ఇంట్లో ఓ ముసలమ్మ ఒంటరిగా ఉంటోంది. బావ వెంట మేమిద్దరం బయల్దేరాం. దారి జీడితోట గుండా. పళ్లు రాలి పులిసిన వాసన.

ఇల్లు కనిపిస్తుండగా బావ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమవైపు చెట్టుకింద ఎలుగుబంటి పళ్లు తింటోంది. పక్కన పిల్ల.

“పరిగెత్తకండి. దాన్నే సూత్తా మెల్లగా నడండి,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎలుగు తలెత్తింది. వెనక కాళ్ల మీద లేచి, మా వైపు ముక్కు చాపి గాలి పీల్చింది. నేను ఆగిపోయాను. ఆవిడే నన్ను లాక్కుంటూ నడిచింది.

గుమ్మంలోంచి ముసలమ్మ మమ్మల్ని లోపలికి గుంజి గడియ పెట్టింది. “మాటాడకండమ్మా.”

చీకటి. ఎలుగు గోడ చుట్టూ తిరుగుతూ వాసన చూస్తున్న చప్పుడు. గోళ్లు మట్టిని గీరాయి. గడియ పెట్టిన తలుపు కదిలింది. బావ వీపు ఆనించి నిలబడ్డాడు. ముసలమ్మ రోకలి అందుకుంది. నేను మా పిల్లల్ని తలచుకున్నాను.

తర్వాత బావ ఫోన్‌లో గుసగుసగా ఊళ్లోకి కబురు చెప్పాడు. ఎంతసేపయ్యిందో తెలీదు, డబ్బాలు వాయిస్తూ, కేకలు వేస్తూ జనం వచ్చారు. ఎలుగు పిల్లతో సరుగుడు తోపులోకి వెళ్లిపోయింది.

తలుపు తీశాక ఆవిడ అరుగు మీద కూలబడి ఏడ్చింది. ముసలమ్మ నీళ్లిచ్చి పక్కనే కూర్చుంది.

“మీ దేశంలో ఎలుగులున్నాయేటి? అడుగమ్మా,” అంది నాతో.

అడిగాను. మా అడవుల నిండా ఉన్నాయి, ఇన్నేళ్లలో ఒక్కటీ కంటపడలేదు అని చెప్పింది ఆవిడ. ముసలమ్మకి చెబితే బోసినోటితో నవ్వింది.

కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, లోపల చీకట్లో ఏమీ చూడలేదు, మళ్లీ వెళ్లొచ్చా అంది. ముసలమ్మ దీపం వెలిగించింది. నేను మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయాను, తోపు వైపు చూస్తూ.